రెండేళ్ల లోపు ప్రయాణికులు

విమానంలో రెండేళ్లు నిండని బిడ్డకు టికెట్టుంటుంది, ప్రయాణికుల జాబితాలో పేరుంటుంది, విదేశానికి వెళ్తుంటే పాస్‌పోర్టు కూడా ఉంటుంది. సీటు మాత్రం ఉండదు. తల్లి ఒడో, తండ్రి ఒడో ఆ బిడ్డ సీటు. ప్రపంచంలో దాదాపు అన్ని విమాన సంస్థలూ పాటించే పద్ధతి ఇది. అంతర్జాతీయ ప్రయాణాల్లో సాధారణంగా పెద్దల ఛార్జీలో పదోవంతు తీసుకుంటారు. అమెరికా లోపల తిరిగే విమానాల్లో అదీ తీసుకోరు. రెండో పుట్టినరోజు వచ్చేసరికి అదే బిడ్డకు సీటు కొనక తప్పదు, బెల్టు పెట్టక తప్పదు. ఒక్క రాత్రిలో బిడ్డ మెడలోగానీ ఎముకల్లోగానీ మారేదేమీ లేదు. ఈ గీత టికెట్ లెక్కకు కుదిరినంతగా పసివాళ్ల శరీరానికి కుదరదు.

విమానాల్లో కూర్చునే ఏర్పాట్లన్నీ రెండు రకాల మనుషులను దృష్టిలో పెట్టుకుని జరిగాయి. ఒకరు నడుముకు బెల్టు పెట్టుకుని కుదురుగా కూర్చునే పెద్దలు. రెండోవారు ఉయ్యాలలో పడుకుని నిద్రపోయే చంటిపిల్లలు. ఏడాది దాటి, తప్పటడుగులు వేస్తూ, ఒక్కచోట నిలవని పిల్లలు ఈ రెండు ఏర్పాట్ల మధ్య జారిపోయారు. ఉయ్యాలకు వాళ్ల బరువు ఎక్కువ, బెల్టుకు వాళ్ల నడుము చాలదు. ఊరుకోమంటే అర్థమవుతుంది, ఎందుకు ఊరుకోవాలో మాత్రం అర్థం కాదు. ఆ వయసు పిల్లలను విమానంలో ఎలా కూర్చోబెట్టాలి, ఎలా ఆడించాలి అన్న ప్రశ్నకు దాదాపు వందేళ్లుగా జవాబులు వెతుకుతూనే ఉన్నారు. వెతికినవారిలో నర్సులు, ఇంజనీర్లు, ప్రమాద దర్యాప్తు అధికారులు, ఒక అమ్మమ్మ కూడా ఉన్నారు.

తొలినాటి ప్రయాణికుల విమానాల్లో పిల్లలు అరుదు. ఛార్జీ ఎక్కువ, మోత ఎక్కువ, కుదుపులు ఇంకా ఎక్కువ. విమానాలు మేఘాల పైకి ఎగరలేక, గాలి ఎగుడుదిగుళ్ల మధ్యనే సాగేవి. వాంతులు పెద్దలకే మామూలు. 1930 మే 15న అమెరికాలో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ విమానంలో ఎలెన్ చర్చ్ అనే యువతి మొదటి ఎయిర్‌హోస్టెస్‌గా విధుల్లో చేరింది. ఆమె శిక్షణ పొందిన నర్సు. ఆమెతోపాటు సంస్థ తీసుకున్న మిగతా ఏడుగురూ నర్సులే. ప్రయాణికుల భయం పోగొట్టడం, ఒంట్లో బాగోలేనివారిని చూసుకోవడం వాళ్ల పని. ఆ రోజుల్లో బిడ్డతో విమానమెక్కిన తల్లికి దొరికిన ప్రత్యేక సదుపాయమంటే ఆ నర్సు ఒక్కతే అనుకోవచ్చు. పాలు వెచ్చబెట్టడం, కాసేపు బిడ్డను ఎత్తుకోవడం లాంటి పనులు అప్పటినుంచే విమాన సిబ్బంది చేతికి వచ్చాయి.

1940లో బోయింగ్ 307 రావడంతో లోపల గాలి ఒత్తిడి నిలిపి ఉంచే ప్రయాణ విమానాలు మొదలయ్యాయి. కుదుపులు తగ్గాయి కానీ చెవినొప్పి పోలేదు. నేటి విమానాల్లో కూడా లోపలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే ఉంటుంది, అంటే దాదాపు ఊటీ కొండ మీద ఉన్నట్టు. దిగేటప్పుడు ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. గొంతు వెనక నుంచి చెవి లోపలికి పోయే సన్నని గొట్టం తెరుచుకుంటేనే రెండు వైపులా ఒత్తిడి సమానమవుతుంది. పసిపిల్లల్లో ఆ గొట్టం ఇరుకుగా, కాస్త అడ్డంగా ఉంటుంది కాబట్టి తొందరగా తెరుచుకోదు. జలుబు చేసి ఉంటే అసలే కష్టం. మింగితే తెరుచుకుంటుంది. అందుకే 1930లలో అమెరికా విమానాల్లో చూయింగ్ గమ్ పంచేవారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో బయల్దేరే ముందు ట్రేలో టాఫీలు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చిపెట్టడం పాత తరం ప్రయాణికులందరికీ గుర్తే. చంటిపిల్లలకు పాలు పట్టడం, పెద్దపిల్లలకు గుటకగుటకగా నీళ్లు తాగించడం ఇప్పటికీ వైద్యులు చెప్పే మొదటి ఉపాయం. పైకి లేచేటప్పటికన్నా కిందికి దిగేటప్పుడే దీని అవసరం ఎక్కువ. దిగడం నేలను తాకడానికి అరగంట ముందే మొదలవుతుంది కాబట్టి ఆ సమయానికి బిడ్డను మేల్కొలిపి ఏదో ఒకటి తాగించడం మేలు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విమానాల్లో కుటుంబాలు కనిపించసాగాయి. హైదరాబాద్ బేగంపేట కేంద్రంగా 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్ బయల్దేరింది. బ్రిటిష్ సంస్థ బీఓఏసీ వలస దేశాల్లో పనిచేసే ఉద్యోగుల కుటుంబాలను ఖండాలు దాటించేది. అలాంటి దూరాలు ఒళ్లో బిడ్డతో సాగించలేక ఉయ్యాల వచ్చింది. మొదట్లో దాన్ని తల పైన సామాను పెట్టే అరకు వేలాడదీసేవారు. తల్లి సీట్లో కూర్చుని, తలెత్తి బిడ్డను చూసుకుంటున్న 1950ల నాటి ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా, విమానం ఒక్కసారి కిందికి జారితే బిడ్డను పట్టి ఉంచేది ఆ ఉయ్యాలలో అంతంతమాత్రమే. తర్వాత అది అడ్డగోడకు బిగించే బాసినెట్‌గా మారి, నేటికీ దూర ప్రయాణాల విమానాల్లో కొనసాగుతోంది.

బాసినెట్ వల్ల తల్లుల చేతులకు విశ్రాంతి దొరికింది, అది చిన్న మేలు కాదు. కానీ అది నిద్ర కోసం చేసినదే తప్ప రక్షణ కోసం చేసినది కాదు. టేకాఫ్‌లో, ల్యాండింగ్‌లో బిడ్డను అందులోంచి తీసి ఒళ్లోకి తీసుకోవాలి. కుదుపులు మొదలై బెల్టు గుర్తు వెలిగినప్పుడు కూడా చాలా సంస్థలు అలాగే తీసుకోమంటాయి. అంటే ప్రమాదానికి ఎక్కువ అవకాశం ఉన్న క్షణాల్లోనే బిడ్డ తగిన కట్టు లేకుండా మనిషి చేతుల్లో ఉంటుంది. పైగా చాలాచోట్ల దాని బరువు పరిమితి 10, 11 కిలోల దగ్గర ఆగిపోతుంది. ఏడాది దాటిన పిల్లలు చాలామంది ఆ హద్దుకు చేరతారు, కొందరు దాటుతారు. కూర్చోవడం, లేచి నిలబడటం నేర్చిన పిల్లలను అందులో పెట్టనివ్వరు కూడా. తప్పటడుగుల పిల్లలకు బాసినెట్ అక్కరకు రాలేదు.

మనిషి చేతులు బిడ్డను ఎంతవరకు పట్టి ఉంచగలవన్న ప్రశ్నకు జవాబు లెక్కల్లో తేలిపోతుంది. 1952 నుంచి అమెరికాలో విమాన సీట్లు భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల బలాన్ని తట్టుకోవాలన్న నియమం ఉంది. 1988లో కొత్త నమూనా విమానాలకు దాన్ని పదహారు రెట్లకు పెంచారు. పది కిలోల బిడ్డ తొమ్మిది రెట్ల దగ్గర 90 కిలోలు, పదహారు రెట్ల దగ్గర 160 కిలోలు తూగినట్టవుతుంది. ఆ బరువును ఆ క్షణంలో చేతులతో ఆపగల తల్లిగానీ తండ్రిగానీ లేరు. ప్రేమకు, బలానికి సంబంధం లేని లెక్క ఇది. మరోవైపు, సరిగా కట్టి కూర్చోబెడితే మనిషి శరీరం ఇంతకన్నా చాలా ఎక్కువ తట్టుకోగలదని కల్నల్ జాన్ స్టాప్ 1954 డిసెంబరులోనే చూపించాడు. న్యూమెక్సికో ఎడారిలో రాకెట్ బండి మీద గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటిన వేగంతో దూసుకెళ్లి, ఒక్కసారిగా ఆగి, 46 రెట్లకు పైగా బలాన్ని భరించి బతికాడు. పట్టీలు గట్టిగా ఉండాలి, అవి ఎముకల మీద ఆనాలి అన్నది ఆ ప్రయోగాల సారం.

పెద్దల సీట్ బెల్టు ఆనేది తుంటి ఎముకల మీద. తప్పటడుగుల పిల్లల్లో ఆ ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగవు. బెల్టు పొట్ట మీదికి జారుతుంది. రెండేళ్ల వయసులో తల పొడవే ఒంటి పొడవులో దాదాపు ఐదోవంతు ఉంటుంది, మెడ బలం తక్కువ. విమానం హఠాత్తుగా ఆగితే నడుము బెల్టు ఒక్కటే ఉన్న పిల్లలు ముందుకు మడతపడి తల ఎదురు సీటుకు కొట్టుకుంటుంది. అందువల్ల రెండో పుట్టినరోజుకు సీటు కొన్నంత మాత్రాన బిడ్డ భద్రంగా ఉన్నట్టు కాదు. భుజాలనూ కలిపి పట్టే పట్టీలు కావాలి.

ఆ పట్టీలు ముందు కార్లలోకి వచ్చాయి. పిల్లల కారు సీట్లకు అమెరికాలో 1971లో తొలి ప్రమాణాలు అమలయ్యాయి. బొమ్మలను కూర్చోబెట్టి, ఢీకొట్టించి పరీక్షించాలన్న కఠిన నియమం 1981లో వచ్చింది. ఆ సీట్లనే విమానంలో వాడొచ్చా అన్నది తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. మొదట విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ వేరే ప్రమాణం పెట్టుకుంది. చివరికి 1985 నుంచి రెండింటికీ ఒకే ప్రమాణం కుదిరింది. విమానం తలకిందులైనా బిడ్డ జారిపోకుండా ఉంటుందా అని తిప్పి చూసే పరీక్ష ఒకటి అదనంగా చేర్చారు. కార్లతోపాటు విమానాల్లోనూ వాడవచ్చని ఎర్ర అక్షరాలతో రాసిన చీటీ అప్పటినుంచి అమెరికాలో అమ్మే చాలా కారు సీట్ల మీద ఉంటోంది. ఆ సీటును ఇంటి నుంచి మోసుకెళ్లాలి, దాన్ని పెట్టడానికి బిడ్డకు విడిగా టికెట్ కొనాలి. కొననివారి పిల్లలు ఎప్పటిలాగే ఒళ్లోనే ఉన్నారు.

1989 జులై 19న యునైటెడ్ 232 విమానం డెన్వర్ నుంచి షికాగోకు బయల్దేరింది. డీసీ-10 రకం విమానం, అందులో 296 మంది ఉన్నారు. గాల్లో ఉండగా తోక దగ్గరి ఇంజన్‌లో తిరిగే పెద్ద చక్రం ముక్కలై, విమానాన్ని తిప్పే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ కోసేసింది. కెప్టెన్ ఆల్ హేన్స్, ఆయన సహచరులు మిగిలిన రెండు ఇంజన్ల జోరు హెచ్చిస్తూ తగ్గిస్తూ ముప్పావు గంట సేపు విమానాన్ని నిలబెట్టి, అయోవా రాష్ట్రంలోని సూసిటీ విమానాశ్రయం వరకు తెచ్చారు. ఆ ముప్పావు గంటలో సిబ్బంది ప్రయాణికులను సిద్ధం చేయాలి. ఒళ్లో పిల్లలు నలుగురు ఉన్నారు. ముగ్గురికి రెండేళ్లు నిండలేదు, ఒకరికి 26 నెలలు. సిబ్బంది ముఖ్యురాలు జాన్ బ్రౌన్ తనకు నేర్పిన నియమం ప్రకారమే తల్లులకు చెప్పింది. పిల్లలను కాళ్ల దగ్గర నేల మీద పెట్టి, మెత్తని దుప్పట్లు చుట్టూ సర్ది, వంగి చేతులతో పట్టుకోమంది. శిక్షణ పుస్తకంలో అంతకన్నా మెరుగైన మార్గం లేదు.

విమానం రన్‌వేను తాకి, విరిగి, మంటల్లో దొర్లింది. 112 మంది చనిపోయారు. ఒక తల్లి చేతుల్లోంచి బిడ్డ గాల్లోకి ఎగిరితే ఆమె ఎలాగో అందిపుచ్చుకోగలిగింది. మరో తల్లికి ఆ అదృష్టం దక్కలేదు. చేతుల్లోంచి జారిన ఆమె కొడుకు పొగ నిండిన విమానంలో ఊపిరాడక చనిపోయాడు. బిడ్డ కోసం మళ్లీ మంటల్లోకి వెళ్లబోతున్న ఆ తల్లిని బయట జాన్ బ్రౌన్ అడ్డుకుంది. నేల మీద పెట్టమన్నది మీరే కదా అని ఆ తల్లి అన్న మాట బ్రౌన్‌ను ఏళ్ల తరబడి వెంటాడింది. ఆమె ఆ మాటను దులపరించుకోలేదు. ఒళ్లో పిల్లల పద్ధతి రద్దు కావాలని అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పింది, దశాబ్దాల పాటు ఉత్తరాలు రాసింది, సభల్లో మాట్లాడింది. విమాన భద్రత చరిత్రలో ఒక ఉద్యోగిని తన మీద మోపుకున్న బాధ్యతను ఇంత కాలం మోసిన సందర్భాలు అరుదు. కాఫీ కెటిల్, చేతిసంచి, తిండి బండి వరకు అన్నీ టేకాఫ్‌కు ముందు కట్టిపెట్టాలన్న నియమం ఉన్న చోట బిడ్డను మాత్రం కట్టనక్కర్లేదనడం ఏమిటన్న ఆమె వాదనకు ఇప్పటికీ సరైన సమాధానం రాలేదు.

అమెరికాలో ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1990లో బ్రౌన్ వాదననే సిఫార్సుగా ఎఫ్‌ఏఏకు పంపింది. 1994 జులై 2న షార్లెట్ నగరం దగ్గర యూఎస్‌ఎయిర్ 1016 విమానం పిడుగుల వానలో కూలినప్పుడు తొమ్మిది నెలల బిడ్డ తల్లి చేతుల్లోంచి విసిరేసినట్టు పోయి ప్రాణం కోల్పోయింది. తగిన సీట్లో కట్టి ఉంటే ఆ బిడ్డ బహుశా బతికేదని దర్యాప్తు నివేదిక రాసింది. 1997 ఫిబ్రవరిలో ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ నేతృత్వంలోని కమిషన్, 2001లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం అదే మాట అన్నాయి.

ఎఫ్‌ఏఏ ఒప్పుకోలేదు. దాని వాదన కూడా పిల్లల ప్రాణాల గురించే. బిడ్డకు సీటు తప్పనిసరి చేస్తే ఖర్చు పెరిగి కొన్ని కుటుంబాలు విమానం మాని కారులో వెళ్తాయి, రోడ్డు మీద ప్రాణాపాయం విమానంలో కన్నా ఎంతో ఎక్కువ, కాబట్టి కాపాడేవారికన్నా పోయేవారు ఎక్కువవుతారన్నది ఆ లెక్క. 2003లో వైద్య పరిశోధకులు కొందరు విడిగా లెక్క కట్టి, సీటు తప్పనిసరి చేస్తే అమెరికా మొత్తంలో ఏడాదికి సగటున 0.4 మరణాలు తప్పుతాయనీ, అయిదు నుంచి పది శాతం కుటుంబాలు కారుకు మారితే ఆ మేలు చెల్లిపోతుందనీ తేల్చారు. 2005 ఆగస్టులో ఎఫ్‌ఏఏ నిబంధన తెచ్చే ఆలోచన మానుకుంది. లెక్క తప్పని చెప్పడం కష్టం. అయితే మహాసముద్రం దాటే ప్రయాణాలకు ఈ లెక్క వర్తించదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు కారులో వెళ్లే మార్గం లేదు. అమెరికా దేశీయ ప్రయాణాల మీద కట్టిన లెక్క ప్రపంచం మొత్తానికి సాకుగా మిగిలిపోవడం ఈ వ్యవహారంలో విచారకరమైన భాగం.

యూరప్, ఆసియా దేశాల సంస్థలు మరో దారి పట్టాయి. తల్లి బెల్టుకు చిన్న బెల్టు ఒకటి తొడిగి బిడ్డ నడుముకు చుట్టే పద్ధతి అది. బ్రిటన్ దాన్ని తప్పనిసరి చేసింది. భారతీయ విమానాల్లోనూ ఎయిర్‌హోస్టెస్ తెచ్చిచ్చే ఆ చిన్న బెల్టు చాలామంది తల్లిదండ్రులకు పరిచయమే. కుదుపుల్లో బిడ్డ పైకి ఎగిరి కప్పుకు కొట్టుకోకుండా అది ఆపుతుంది, కానీ ఢీకొట్టినప్పుడు దాని సంగతి వేరు. ఓక్లహామా నగరంలోని ఎఫ్‌ఏఏ పరిశోధన కేంద్రం 1994లో బొమ్మలతో పరీక్షించి చూస్తే, పెద్దల ఒళ్లు ముందుకు మడతపడి బిడ్డను నలిపేస్తున్నట్టు తేలింది. వీపు లేని బూస్టర్ సీట్లు, ఛాతీకి తొడిగే చొక్కా పట్టీలు కూడా ఆ పరీక్షల్లో నిలవలేదు. 1996లో అమెరికా ఈ మూడింటినీ టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో నిషేధించింది. కాబట్టి లండన్‌లో తప్పనిసరైన బెల్టు న్యూయార్క్‌లో నిషిద్ధమైంది, ఒకే బిడ్డ ఒకే ప్రయాణంలో రెండు చట్టాల కింద కూర్చోవలసి వచ్చింది.

కారు సీటు ఉత్తమమైనదే కానీ బరువు, మోసుకెళ్లడం, వెడల్పు అన్నీ ఇబ్బందే. ఎకానమీ సీటు వెడల్పు సుమారు 17, 18 అంగుళాలు. చాలా కారు సీట్లు అందులో ఇరుక్కుంటాయి. ఈ చిక్కును విడదీసింది లూయీస్ స్టోల్. అమెరికా రవాణా శాఖలో బడ్జెట్ వ్యవహారాలు చూసిన ఉన్నతాధికారి ఆమె. మనవల ప్రయాణం కోసం ఆలోచించి కేర్స్ అనే పట్టీల అమరికను రూపొందించింది. సీటు వీపు చుట్టూ ఒక పట్టీ, దాని నుంచి భుజాల మీదుగా దిగే రెండు పట్టీలు, వాటి కొసలు మామూలు సీట్ బెల్టులోకి. మొత్తం అరకిలో లోపే, చేతిసంచిలో పడుతుంది. 2006లో ఎఫ్‌ఏఏ దీనికి అనుమతి ఇచ్చింది. 10 నుంచి 20 కిలోల బరువు, ఒక మీటరు లోపు ఎత్తు ఉండి, సొంతంగా కూర్చోగల పిల్లల కోసం చేసింది. ఇన్ని దశాబ్దాల్లో సరిగ్గా తప్పటడుగుల వయసును లెక్కలోకి తీసుకుని విమానం కోసమే చేసిన తొలి సాధనం ఇదే అని చెప్పుకోవచ్చు. దీన్ని వాడాలన్నా బిడ్డకు సీటు కొనాల్సిందే.

కేర్స్ వచ్చిన తర్వాత కూడా ఒళ్లో పిల్లల సమస్య తెరమరుగు కాలేదు. 2012 డిసెంబరు 22న కెనడా ఉత్తరాన సానికిలువాక్ అనే ఊళ్లో చిన్న విమానం దిగబోయి కూలింది. అందులో ఉన్న తొమ్మిది మందిలో చనిపోయింది ఒళ్లో ఉన్న ఆరు నెలల బిడ్డ ఒక్కటే. కెనడా దర్యాప్తు సంస్థ 2015లో పిల్లలకు సీటు తప్పనిసరి చేయమని సిఫార్సు చేసింది. 2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి బయల్దేరిన అలాస్కా 1282 విమానంలో 16 వేల అడుగుల ఎత్తున తలుపు లాంటి పలక ఊడి బయటికి పోయింది. ఆ రోజు విమానంలో ముగ్గురు పిల్లలు ఒళ్లో ఉన్నారు. ఎవరికీ ప్రాణహాని జరగలేదు.

పిల్లలను ఆడించిన చరిత్ర ఇంతకన్నా తేలికైనది, కానీ రక్షణతో గట్టిగా ముడిపడినది. ఏడుస్తూ జారిపోయే బిడ్డకు ఎంత మంచి పట్టీ అయినా ఎక్కువసేపు నిలవదు. విమాన సంస్థలు పిల్లలను గుర్తించింది ముందు బడి వయసు వాళ్ల రూపంలో. బీఓఏసీ 1957లో జూనియర్ జెట్ క్లబ్ పెట్టి పిల్లలకు చిట్టా పుస్తకాలు ఇచ్చింది. ఎన్ని మైళ్లు ఎగిరారో రాసి కెప్టెన్ సంతకం చేసేవాడు. అమెరికా సంస్థలు రెక్కల బ్యాడ్జీలు పంచాయి. పైలట్ గదిలోకి తీసుకెళ్లి చూపించడం 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆగిపోయింది. ఇవన్నీ చదవగలిగిన, ఒక చోట కూర్చోగలిగిన పిల్లలకే.

సినిమా కూడా పెద్దల కోసమే వచ్చింది. 1961 జులైలో అమెరికా సంస్థ టీడబ్ల్యూఏ తన జెట్ విమానాల ఫస్ట్ క్లాసులో క్రమం తప్పకుండా సినిమాలు వేయడం మొదలుపెట్టింది. ఒకే తెర, ఒకే సినిమా, అదీ పెద్దల ప్రేమకథ. ఏడాదిన్నర పిల్లకు అందులో దక్కేదేమీ లేదు. 1988లో నార్త్‌వెస్ట్ సంస్థ 747 విమానాల్లో సీటు వీపుకు అరచేతిలో ఇమిడేంత తెరలు పెట్టి చూసింది. తర్వాత పదేళ్లలో దూర ప్రయాణాల్లో ఎవరి తెర వారిదైంది, పిల్లల కార్టూన్లకు విడి చానెళ్లు వచ్చాయి. అయితే తెర ఎత్తు, హెడ్‌ఫోన్ల సైజు పెద్దలవే. తప్పటడుగుల పిల్లలకు అది బొమ్మల తెరకన్నా నొక్కి చూసే పలకగానే పనికొచ్చింది, ఆ నొక్కుళ్లు ముందు సీట్లోవాళ్ల వీపుకు తగిలేవి. 2010లో ఐప్యాడ్ వచ్చాక తెర బిడ్డ చేతికే చేరింది. 2013 అక్టోబరులో ఎఫ్‌ఏఏ, 2014లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ టేకాఫ్ నుంచి ల్యాండింగ్ వరకు ఫ్లైట్ మోడ్‌లో పరికరాలు వాడుకోనిచ్చాయి. అంతకుముందు అత్యంత కష్టమైన ఆ మొదటి, చివరి అరగంటల్లో చేతిలోని ఫోన్ కూడా ఆపేయాల్సి వచ్చేది.

తెరతో అంతా తేలిపోలేదు. ఏడాది, రెండేళ్ల పిల్లల దృష్టి ఒక వస్తువు మీద కొద్ది నిమిషాలకు మించి నిలవదు. ఆ వయసులో చూడ్డం కన్నా తాకడం, తీయడం, పెట్టడం, నడవడం ముఖ్యం. అనుభవజ్ఞులైన తల్లులు, సిబ్బంది చెప్పే ఉపాయాలన్నీ ఈ గుణం మీదే ఆధారపడ్డాయి. ఒక బొమ్మను నాలుగు కాగితాల్లో చుట్టి విప్పనివ్వడం, అంటించి పీకే స్టిక్కర్లు, మూతల డబ్బాలు, ఒక్కొక్కటే ఏరుకుని తినే మరమరాలు, ఎండు ద్రాక్ష. బొమ్మలన్నీ ఒకేసారి బయట పెట్టకుండా గంటకొకటి తీయడం. 2013లో అబుదాబి సంస్థ ఎతిహాద్ ఇంగ్లండ్‌లోని నార్లాండ్ కళాశాలలో శిక్షణ ఇప్పించి తన సిబ్బందిలో కొందరిని విమాన ఆయాలుగా నియమించింది. వాళ్లు నేర్చుకున్నవి కాగితంతో టోపీలు, వాంతి సంచులతో చేతి బొమ్మలు చేయడం లాంటివి. గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లే తెలుగు కుటుంబాలకు వాళ్ల సాయం దొరికింది.

నడవనివ్వడం తప్పదు, కానీ దానికి సమయం ఉంది. తిండి బండ్లు తిరిగే వేళ దారిలో ఉన్న పిల్లల వేళ్లు నలుగుతాయి, వేడి టీ ఒలికితే కాలుతుంది. అందుకే దారి పక్క సీటు బిడ్డకు మంచిది కాదు. కిటికీ వైపు కూర్చోబెట్టడం మేలు. కారు సీటు పెడితే కిటికీ వైపే పెట్టమని సంస్థలు చెప్పేది మాత్రం మిగతావారి దారికి అడ్డు రాకూడదని.

నిద్రమందు పోసి పడుకోబెట్టడం ఈ చరిత్రలో బయటికి చెప్పుకోని అధ్యాయం. అమెరికాలో అలర్జీ మందు డైఫెన్‌హైడ్రమిన్, మన దగ్గర ప్రోమెథజీన్ సిరప్ ఇలా చాలాకాలం వాడారు. కొందరు పిల్లలు ఈ మందులతో నిద్రపోవడానికి బదులు మరింత రెచ్చిపోతారు. ప్రోమెథజీన్ రెండేళ్ల లోపు పిల్లల ఊపిరిని ఆపే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ గట్టిగా హెచ్చరించింది. 2008లో ఆ వయసువారికి చీటీ లేకుండా అమ్మే జలుబు, దగ్గు మందులేవీ ఇవ్వవద్దని చెప్పింది. విమానంలో గాలి ఒత్తిడి తక్కువ, డాక్టరు అందుబాటులో ఉంటాడన్న నమ్మకం లేదు. ఆ మందును ఇంట్లోనే వదిలేయడం ఒక్కటే సరైన పని.

తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర గత రెండు తరాల్లో దగ్గరైంది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక, 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టాక, బిడ్డ ఒకే సీటు దగ్గర పదహారు గంటలకు పైగా గడపాల్సిన ప్రయాణాలు వచ్చాయి. అమెరికాలో పుట్టిన బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేది కారు సీట్లోనే, దాని పట్టీలు బిడ్డకు అలవాటే. అదే బిడ్డను అమ్మమ్మ ఊరికి తెచ్చేటప్పుడు ఆ సీటు సామానులోకి పోతుంది, బిడ్డ ఒళ్లోకి వస్తుంది. మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కార్లలో పిల్లలను బెల్టుతోగానీ తగిన సీటుతోగానీ కట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా పెట్టినా, కారు సీటు కొనే అలవాటు ఇంకా పాకలేదు.

ప్రపంచ పౌర విమానయాన సంస్థ ఐకావో 2015లో పిల్లల సీట్లు, పట్టీల అనుమతి, వాడకం మీద మార్గదర్శిని ప్రచురించింది. ఒక దేశంలో ఆమోదించిన సీటును మరో దేశం ఒప్పుకోవడానికి అది ఆధారమైంది. 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఒకే బుకింగ్‌లో ఉన్న తల్లిదండ్రుల్లోగానీ సంరక్షకుల్లోగానీ కనీసం ఒకరి పక్కన సీటు కేటాయించాలని విమాన సంస్థలను ఆదేశించింది. సీటు ఉన్న పిల్లల గురించిన ఆదేశం అది. రెండేళ్ల లోపు పిల్లలకు సీటు కొనడం భారత్‌లోనూ అమెరికాలోనూ తల్లిదండ్రుల ఇష్టానికే వదిలి ఉంది. కొన్నవారు కారు సీటో, కేర్స్ పట్టీలో వాడదలిస్తే ఆ సంస్థ దాన్ని అనుమతిస్తుందో లేదో టికెట్ తీసుకునే ముందే అడిగి తెలుసుకోవాలి.